అమ్మ పేరు మీద టీకా కంపెనీ: మన జిల్లా వరప్రసాద్ రెడ్డి గారి కథ

1993 అంటే మన నెల్లూరు జిల్లా పొదుపు ఆడవాళ్లకు ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. అంతకుముందు ఏడాది దూబగుంటలో మొదలైన సారా పోరాటం జిల్లా అంతా పాకింది. ముందు మన జిల్లాలో, ఆ తర్వాత అక్టోబరు 1 నుంచి రాష్ట్రం మొత్తంలో సారా ఆపేశారు. సారా కొట్టుకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని ఏం చేద్దాం అన్న ఆలోచనలోంచే రోజుకో రూపాయి పొదుపు పుట్టింది. పొదుపులక్ష్మి అని పేరు పెట్టుకున్నాం. పాస్‌పుస్తకం కూడా లేని రోజుల్లో నోటు పుస్తకంలో గళ్లు కొట్టుకుని రాసుకున్న అక్కలు ఇంకా మన సంఘాల్లో ఉన్నారు.

అదే 1993లో, మన జిల్లా పాపిరెడ్డిపాలెంలో పుట్టిన ఒకాయన హైదరాబాదులో ఒక కంపెనీ మొదలుపెట్టారు. పేరు శాంతా బయోటెక్నిక్స్. శాంత ఆయన తల్లి పేరు. ఆయన పేరు కె.ఐ. వరప్రసాద్ రెడ్డి. పొదుపులక్ష్మికీ ఆ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు, ఉందని చెప్పి గొప్పలు పోవడం నా ఉద్దేశం కాదు. కానీ మన పిల్లలకు పుట్టిన రోజునే తొడకు వేసే ఒక సూది వెనక ఆ కంపెనీ కథ ఉంది. మన సభ్యుల్లో చాలామందికి ఆ సూది తెలుసు, దాని కథ తెలియదు. అందుకని ఈ ఏడాది నివేదికలో ఇది రాస్తున్నాను.

ముందు జబ్బు సంగతి చెప్పుకోవాలి. పచ్చకామెర్లు అంటే మన వైపు అందరికీ ఒకటే జబ్బు. కళ్లు పచ్చబడితే పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం, పథ్యం చేయడం. కొందరికి తగ్గింది కూడా. తగ్గింది పసరు వల్ల కాదు. కామెర్లలో రకాలున్నాయి. చెడు నీళ్ల వల్ల వచ్చే రకాలు ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి, పేరు మాత్రం పసరుకు వస్తుంది. హెపటైటిస్-బి అట్లాంటిది కాదు. అది రక్తం ద్వారా వస్తుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే, పరీక్ష చేయని రక్తం ఎక్కిస్తే, ఒకరి బ్లేడు ఇంకొకరు వాడితే, భార్యాభర్తల కలయిక వల్ల, అన్నిటికన్నా ముఖ్యంగా కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. పెద్దవాళ్లకు సోకితే ఎక్కువమందికి ఒళ్లే దాన్ని తరిమేస్తుంది. పుట్టిన పసిబిడ్డకు సోకితే మటుకు పదిమందిలో తొమ్మిదిమందికి ఒంట్లోనే ఉండిపోతుంది. ఏ బాధా ఉండదు, బడికి పోతారు, పెళ్లిళ్లవుతాయి. ఇరవై ముప్పై ఏళ్లకు కాలేయం గట్టిపడిపోయిందనో, క్యాన్సరు వచ్చిందనో బయటపడుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు తాగుడు వల్ల వచ్చిందనుకుంటారు. తాగని మనిషికైతే ఎందుకొచ్చిందో అర్థం కాక ఏడుస్తారు.

ఇక్కడే ఇంకో మాట. ఈ జబ్బు ఉన్న ఆడమనిషికి కంచం వేరు పెట్టడం, బిడ్డను ఎత్తుకోనివ్వకపోవడం మన ఊళ్లలో జరిగాయి. కలిసి తింటే, పక్కన కూర్చుంటే, గ్లాసు మార్చుకుంటే ఇది రాదు. ఈ వాక్యం ఒక్కటి గ్రామ సంఘం మీటింగులో చదివి వినిపించినా చాలు.

ఈ వైరస్‌ను కనిపెట్టింది అమెరికాలో బ్లంబర్గ్ అనే శాస్త్రవేత్త. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. 1980ల మొదట్లోనే టీకా వచ్చేసింది, 1986లో దానికన్నా మంచి పద్ధతిలో చేసిన టీకా కూడా వచ్చింది. అంటే మనం పొదుపు మొదలుపెట్టేనాటికే ప్రపంచంలో ఈ జబ్బుకు టీకా ఉంది. మన దేశంలోనూ దొరికేది, కాకపోతే పెద్ద ఊళ్లలో డబ్బున్నవాళ్లకే. బయటి దేశం నుంచి దిగుమతి అయ్యే ఆ మందు ఒక్క డోసు ఏడెనిమిది వందల రూపాయలు పలికేది. మూడు డోసులు వేయించాలి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆరు డోసులు, నాలుగు వేల రూపాయల పైమాట. రోజుకో రూపాయి దాచే ఇల్లాలు ఆ నాలుగు వేలు కూడబెట్టాలంటే పదేళ్లు దాటుతుంది. ఆ లెక్క మీరే వేసి చూడండి.

వరప్రసాద్ రెడ్డి గారు డాక్టరు కాదు, మందుల మనిషీ కాదు. 1948లో పుట్టారు. చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. హైదరాబాదులో రక్షణశాఖ పరిశోధనశాలలో శాస్త్రవేత్తగా పనిచేశారు, ఆ తర్వాత రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థలో ఉద్యోగం, ఆపైన బ్యాటరీలు తయారుచేసే కంపెనీలో భాగస్వామ్యం. నలభై ఏళ్లు దాటాక ఆ బ్యాటరీల కంపెనీ వదిలి బయటికి వచ్చేశారు. మన లెక్కలో ఇంక మనవళ్లు వచ్చే వయసు. ఆ వయసులో తనకు ఏమాత్రం తెలియని పనిలోకి దిగారు.

దిగడానికి కారణం 1992లో జెనీవా ప్రయాణం. అక్కడ టీకాల మీద జరిగిన ఒక అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు. హెపటైటిస్-బి ఎంత పెద్ద సమస్యో, భారతదేశంలో ఎన్ని కోట్ల మంది దాన్ని ఒంట్లో మోస్తున్నారో అక్కడే విన్నారు. అంత జబ్బున్న దేశం పిల్లలకు టీకా ఎందుకు వేయడం లేదని అక్కడివాళ్లు చులకనగా మాట్లాడటం కూడా విన్నారు. సరే, ఆ తయారీ పద్ధతి మాకు ఇవ్వండి, డబ్బు కడతాం అని ఒక విదేశీ కంపెనీని అడిగితే, మీ దేశం ఆ ఖర్చు భరించలేదు, భరించినా మీ శాస్త్రవేత్తలకు ఆ విద్య అంతుపట్టదు అన్న అర్థంలో జవాబు వచ్చింది. ఈ సంగతి ఆయన ఆ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నారు. మొదటిసారి బ్యాంకుకు పోయినప్పుడు కౌంటరు దగ్గర మనల్ని నిలబెట్టి ఎవరు చూశారో, ఎట్లా చూశారో గుర్తున్నవాళ్లకు ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో వేరే చెప్పాలా.

కోపంతో కంపెనీ పెట్టొచ్చు గానీ కోపంతో డబ్బు రాదు గదా. తెలిసినవాళ్లు, చుట్టాలు, స్నేహితుల దగ్గర పోగుచేసిన సొమ్ముతో పని మొదలైంది. బ్యాంకులకు ఇట్లాంటి పరిశ్రమ అంటే ఏమిటో అప్పటికి తెలియదు. బియ్యం మిల్లుకో బస్సుకో అప్పు ఇవ్వమంటే మిల్లూ బస్సూ తాకట్టు ఉంటాయి. పరిశోధనకు అప్పు ఇస్తే తాకట్టుకు ఏముంటుంది? చివరికి ఆదుకున్నది ఎక్కడో ఒమన్ దేశం విదేశాంగ మంత్రి యూసఫ్ బిన్ అలవి. ఆయన పన్నెండు లక్షల డాలర్లు పెట్టి సగం వాటా తీసుకున్నారు, పైగా అక్కడి బ్యాంకులో అప్పు పుట్టడానికి తోడు నిలిచారు. మన జిల్లా నుంచి, కడప నుంచి ఎంతమంది ఆడపడుచులు ఒమన్, కువైట్ పోయి ఇళ్లలో పని చేసి డబ్బు పంపారో మనకు తెలుసు. ఆ గల్ఫ్ దేశం నుంచే ఈ డబ్బు కూడా రావడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది.

సొంత భవనం కూడా లేకుండా పరిశోధన మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తర్వాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థలో నడిచింది. వాళ్లు చేసిందేమిటో మన వంటింటి భాషలో చెప్పడానికి ప్రయత్నిస్తాను. రాత్రి రుబ్బిన దోసెల పిండి తెల్లారేసరికి పొంగుతుంది. కంటికి కనపడని సూక్ష్మజీవులు పిండి తిని పెరిగి దాన్ని పులియబెడతాయి. రొట్టె పొంగడానికి వేసే ఈస్ట్ కూడా అట్లాంటి జీవే. హెపటైటిస్-బి వైరస్ పైన ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఎట్లా తయారుకావాలో చెప్పే రాత వైరస్ లోపల ఉంటుంది. ఆ రాత ఒక్కదాన్నే తీసి ఒక రకం ఈస్ట్‌లో పెడతారు. ఆ ఈస్ట్‌ను పెద్ద పెద్ద పాత్రల్లో మేత వేసి పెంచితే, అది పెరిగే కొద్దీ వైరస్ తొడుగును తయారుచేసి పెడుతుంది. దాన్ని వేరుచేసి, శుద్ధిచేసి సూదిమందుగా కడతారు. ఉత్త తొడుగే గానీ లోపల వైరస్ లేదు కాబట్టి జబ్బు రాదు. కానీ ఒళ్లు ఆ తొడుగును గుర్తుపెట్టుకుంటుంది, రేపు అసలు వైరస్ వస్తే వాకిట్లోనే ఆపేస్తుంది. చెప్పడానికి ఇంత తేలిక. చేయడానికి వాళ్లకు నాలుగేళ్లు పట్టింది.

1997 ఆగస్టులో శాన్‌వాక్-బి పేరుతో ఆ టీకా విడుదలైంది. ఈ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి హెపటైటిస్-బి టీకా అదే. దిగుమతి మందు ధరలో అది చిన్న భాగానికే వచ్చింది. తర్వాత హైదరాబాదులోనే భారత్ బయోటెక్ కూడా ఇదే టీకాతో వచ్చింది, ఇంకొన్ని కంపెనీలు దిగాయి, పోటీ పెరిగింది. ఏడెనిమిది వందలు పలికిన డోసు కొన్నేళ్లకు ప్రభుత్వాలు, యునిసెఫ్ కొనే దగ్గర ఒక డాలరు లోపుకు దిగింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శాంతా టీకాకు ఆమోదం ఇచ్చింది. ఆ ఆమోదం ఉంటేనే యునిసెఫ్ కొంటుంది, పేద దేశాల పిల్లలకు పోతుంది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఈ ధరే. మన సంఘాలు రాకముందు ఊళ్లో వడ్డీ ఎంత ఉండేది? నూటికి ఐదు రూపాయలు, అవసరం గట్టిదైతే పది. సంఘంలో మనం మనకే రెండు రూపాయల వడ్డీకి ఇచ్చుకోవడం మొదలుపెట్టాం. అప్పు మన దగ్గర తీసుకున్నవాళ్లకే కాదు, తీసుకోనివాళ్లకు కూడా మేలు జరిగింది. వడ్డీవ్యాపారి కూడా దిగిరాక తప్పలేదు. పావలా వడ్డీ మాట ప్రభుత్వం నోట వచ్చింది తర్వాతే. టీకా విషయంలోనూ జరిగింది ఇదే. శాంతా కంపెనీ టీకా వేయించుకోని బిడ్డకు కూడా శాంతా కంపెనీ వల్ల ధర తగ్గింది. ధర అందుబాటులోకి వచ్చాకే మన ప్రభుత్వం ఈ టీకాను ఉచిత టీకాల్లో చేర్చింది. 2002-03లో కొన్ని నగరాల్లో, జిల్లాల్లో మొదలుపెట్టి, 2007-08లో మన రాష్ట్రంతో సహా పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించారు. ఆ చేర్చడానికి ధర ఒక్కటే కారణం అని నేను అనను, కానీ డోసు ఏడు వందలు ఉంటే కోట్ల మంది పిల్లలకు ఊరికే వేయడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

కొందరు దీన్ని దానం అంటారు. నేను అనను. వ్యాపారమే చేశారు, లాభానికే చేశారు. తక్కువ ధరకు ఎక్కువమందికి అమ్మి కూడా కంపెనీ నిలబడుతుందని లెక్కవేసుకుని చేశారు. ఉచితంగా పంచి ఉంటే డబ్బు అయిపోయిన రోజున టీకా కూడా ఆగిపోయేది. 2005లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. ఆ కంపెనీ ఇంకేమేం తయారుచేసిందో అన్నీ రాస్తే ఈ వ్యాసం సరిపోదు. ఒక్కటి మాత్రం చెప్పాలి. కొరియాలోని అంతర్జాతీయ టీకా సంస్థతో కలిసి 2009లో నోట్లో పోసే కలరా టీకా, శాన్‌కాల్, తెచ్చారు. భూకంపం తర్వాత కలరాతో అల్లాడిన హైతీ దేశంలో 2012లో దాన్ని వాడారు. తుఫాను వచ్చి బోర్లన్నీ ఉప్పునీళ్లయి, మురుగు కలిసి, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజులు మైపాడు, కొత్తకోడూరు వైపు పల్లెపాళేల వాళ్లకు గుర్తుంటాయి. అందుకే ఈ టీకా సంగతి ప్రత్యేకంగా రాశాను.

ఇంక కథలో మనకు నచ్చని భాగం. 2006లో ఫ్రాన్సుకు చెందిన మెరియో సంస్థ శాంతాలో పెద్ద వాటా కొంది. 2009లో సనోఫీ అనే ఫ్రెంచి మందుల కంపెనీ దాన్ని తీసుకుంది. అప్పుడు శాంతా విలువ 57 కోట్ల యూరోల పైన కట్టారు. పుట్టినప్పుడు బ్యాంకు అప్పు పుట్టని కంపెనీ అది. మీరు ఈ విద్య నేర్వలేరు అన్న పడమటి దేశాల వాళ్లే వచ్చి కొనుక్కున్నారు అని గర్వపడేవాళ్లున్నారు. అంత కష్టపడి నిలబెట్టింది పరాయి చేతికి పోయింది గదా అని బాధపడేవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్లలో ఉన్నాను. కారణం కూడా చెబుతాను. ఆ కలరా టీకా తయారీ ఆపేస్తామని 2020లో సనోఫీ ప్రకటించింది. లోకంలో కలరా తగ్గలేదు, టీకాలు చాలడం లేదు, అయినా ఆ నిర్ణయం ఎక్కడో తీసుకున్నారు. మన సమాఖ్యలో పాల కేంద్రమో, రొయ్యల మేత డీలర్‌షిప్పో బయటివాళ్లతో భాగస్వామ్యానికి పోయే ముందు తీర్మానం పుస్తకంలో ఎవరికి ఎంత ఓటు అన్నది రాసుకోమని మన సి.సి.లు పోరు పెట్టేది ఇందుకే.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. శాంతా వాళ్లు ఐదు జబ్బులకు ఒకే సూదిగా శాన్-5 అనే టీకా చేశారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్-బి, హిబ్ అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే న్యుమోనియా, మెదడువాపు, వీటన్నిటికీ. 2008లో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది, యునిసెఫ్ నుంచి 34 కోట్ల డాలర్ల ఆర్డరు వచ్చింది. 2010లో కొన్ని సీసాల్లో తెల్లటి మడ్డి గోడకు అంటుకుని కదపినా కలవడం లేదని తేలింది. ఆమోదం పోయింది, ఆర్డరు పోయింది, పంపిన మందు వెనక్కి తెప్పించాల్సి వచ్చింది. తయారీ పద్ధతి సరిచేసుకుని మళ్లీ ఆమోదం తెచ్చుకునేసరికి 2014 అయింది. నాలుగేళ్లు. ఊరగాయ సీసాలో బూజు కనపడితే పైపైన తీసేసి అమ్మేద్దాం అన్న మాట మన తయారీ యూనిట్లలో ఎప్పుడైనా వినపడితే ఈ నాలుగేళ్లు గుర్తు చేసుకోవాలి. చవకగా ఇస్తున్నాం గదా అని కొనేవాళ్లు మడ్డిని క్షమించరు, క్షమించకూడదు కూడా.

సొంత డబ్బుతో వరప్రసాద్ రెడ్డి గారు చేసింది వేరే ఉంది. 2001లో హాసం అనే పత్రిక పెట్టారు, హాస్యం, సంగీతం కలిపిన పత్రిక. దానిలో లాభం లేదు, కొన్నేళ్లకు ఆగిపోయింది కూడా. కానీ పాత పాటల మీద, పాడినవాళ్ల మీద అంత ప్రేమగా రాసిన పత్రికలు తెలుగులో తక్కువ. ఆ పేరుతోనే పుస్తకాలు వేశారు. తల్లి పేరు, భార్య పేరు కలిపి శాంతా వసంతా ట్రస్టు అని పెట్టి, దాని ద్వారా సాహిత్యానికి, కళలకు, తెలుగు భాషకు చేయూత ఇస్తున్నారు. ఇంత డబ్బు పాటలకూ నవ్వులకూ ఎందుకు, ఆసుపత్రి కట్టొచ్చు గదా అని ఎవరైనా అడగవచ్చు. నేనూ ఒకసారి అట్లాగే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, సమాఖ్య వార్షికోత్సవంలో లెక్కలు చదివేటప్పుడు వెనక వరసలో కునుకు తీసే అక్కలు, గొబ్బిపాటలు మొదలవగానే ముందు వరసలోకి వచ్చి కూర్చుంటారు. ఆ ఖర్చు మీద మన ఆడిట్‌లో ఇంతవరకు ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

ఇంక మన పని. హెపటైటిస్-బి మొదటి డోసు బిడ్డ పుట్టిన 24 గంటల్లోపల పడాలి. ఆ తర్వాత ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఐదు మందులు కలిసిన పెంటావాలెంట్ సూదిలో ఇది కూడా ఉంటుంది. ఆ మూడూ చాలామంది వేయిస్తున్నారు, తప్పిపోయేది మొదటిదే. ఆసుపత్రిలో కాన్పయిన హడావుడిలో, మంచిరోజు చూసుకుని ఇంటికి పోదామన్న తొందరలో, సెలవు రోజు అనో అడగరు. కార్డులో ఆ గడి ఖాళీగా మిగిలిపోతుంది. తల్లికే జబ్బు ఉంటే ఆ ఒక్క రోజు ఆలస్యం బిడ్డకు జీవితకాలం జబ్బు కావచ్చు. గర్భిణీకి చేసే రక్తపరీక్షల్లో హెపటైటిస్-బి పరీక్ష కూడా ఉండాలి, చేశారా అని అడగాలి. ఉందని తేలితే దాచుకోవద్దు. బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ అనే ఇంకో సూది కూడా పుట్టిన వెంటనే వేస్తారు. 2018లో కేంద్ర ప్రభుత్వం కాలేయ వైరస్ జబ్బులకు ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది, దాని కింద పరీక్ష, మందులు ఉచితం.

కిందటి మీటింగులో ఒక అక్క అడిగింది: పిల్లలకు సరే, మనం వేయించుకోవచ్చా అని. వేయించుకోవచ్చు. ముందు రక్తపరీక్ష చేయించుకుని, లేదని తేలితే ఈ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి, మూడు డోసులు. పెద్దవాళ్లకు మామూలుగా ఉచితం కాదు, మందుల షాపులో కొనుక్కోవాలి. ఆసుపత్రుల్లో ఊడ్చే పని, రక్తం తగిలే పని చేసే మన సభ్యులు ముందు వేయించుకుంటే మంచిది. ఆ రోజు మీటింగులో పదకొండు మంది చేతులెత్తారు. పేర్లు రాసి ఏఎన్‌ఎం గారికి ఇచ్చాం.